తేనీటిలోని నీరు

తేనీరు చక్కని మాట. ఆకు పేరును ఒక్క అక్షరంలో తేల్చివేసి మిగిలిన చోటంతా నీటికి ఇచ్చింది. గిన్నెలో వాటి పాళ్ళు కూడా అంతే కదా! కాని ఈ మధ్య మన ఊళ్ళలోకి వస్తున్న కొత్తరకం తేనీళ్ళ గురించి ఎవరు మాట్లాడినా ఆకును గురించే మాట్లాడతారు. తంగేడుపువ్వు టీ, తులసి టీ, నిమ్మగడ్డి టీ, తిప్పతీగ టీ, ఇవన్నీ కలిపిన కొండమూలికల టీ అని పొట్లాలు వస్తున్నాయి. చక్కెర వ్యాధి తగ్గుతుందని ఒకటి, కాలేయం శుభ్రపడుతుందని మరొకటి చెబుతుంది. వీటి పూర్వచరిత్ర కొంతా, మంచిచెడ్డలు కొంతా చెప్పుకొని ఆ తరువాత నీటి సంగతికి వస్తాను. నల్లగొండ గడ్డ మీద ఈ విషయం రాస్తూ నీటి మాట దాటవేయడం కుదరదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ మైదానపు ఊళ్ళే. మొదటి రెండూ హైదరాబాదు నుంచి విజయవాడ పోయే దారి మీద ఉన్నాయి. మూడవది సాగర్ ఎడమ కాలువ నీటితో వరి పండించి, బియ్యం మిల్లులతో పేరు తెచ్చుకున్నది. (పేరులో మిరియం వినిపించినా మిర్యాలగూడలో మిరియం పండదు. అది పడమటి కనుమల పంట. మన కషాయాలలోని మిరియం ఎప్పుడూ దూరం నుంచి వచ్చిన సరుకే.) కొండలంటే కృష్ణకు అవతల నల్లమల, ఇవతల అక్కడక్కడ లేచిన రాతిగుట్టలు. అలాంటి గుట్టలలో ఒకటి ఫణిగిరి. మన కథకు అదే తొలి మజిలీ.

ఫణిగిరి సూర్యాపేటకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, నేటి సూర్యాపేట జిల్లా నాగారం మండలంలో ఉన్నది. గుట్ట మీద బౌద్ధ స్తూపం, చైత్యాలు, విహారాలు బయటపడ్డాయి. 2001 తరువాత రాష్ట్ర పురావస్తు శాఖ జరిపిన తవ్వకాలలో దొరికిన శిల్పాలు 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా ప్రదర్శనకు వెళ్ళివచ్చాయి. శిల్పాలకు వచ్చిన పేరు శాసనాలకు రాలేదు. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరానికి చెందిన ఒక స్తంభశాసనం అక్కడ ఉన్నది. ప్రాకృతంలో పద్యరూపంలో ఉన్న ఆ శాసనం ఒక ధర్మచక్ర ప్రతిష్ఠను చెబుతుంది. ఆ చక్రాన్ని నిలిపినవాడు రాజూ కాదు, వర్తకుడూ కాదు, రాజుగారి అగ్రవైద్యుడు. పదహారు, పదిహేడు వందల ఏళ్ళ క్రితం సూర్యాపేట ప్రాంతపు గుట్ట మీద ఒక వైద్యుడు తన హోదాను రాతి మీద చెక్కించుకున్నాడన్నమాట. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, అంటే నాగార్జునకొండ, అక్కడి శాసనాలలో కనిపించే 'విగతజ్వరాలయం' అన్న మాటను జ్వరపీడితులు కోలుకొనే శాల అని పండితులు వివరించారు. నాగార్జునుడి పేర వందలాది యోగాలు ప్రచారంలో ఉన్నాయి గాని, ఏ నాగార్జునుడు ఏ కాలం వాడో తేలకుండా వాటిని చరిత్రగా తీసుకోలేము. ఈ రెండు రాళ్ళూ మాత్రం గట్టి సాక్ష్యాలు.

ఆ వైద్యుడు ఏ ఆకు మరగబెట్టాడో శాసనం చెప్పదు. అయితే బౌద్ధ విహారాలలో మందుల విషయమై ఏ నియమాలు ఉండేవో పాళీ వినయపిటకంలోని మహావగ్గం చెబుతుంది. ఫణిగిరి భిక్షువులు ఆ శాఖవారే అని నేను అనడం లేదు. ఇటువంటి నియమాలు అన్ని శాఖల వినయాలలోనూ ఉండేవి. ధమ్మసేనుడనే వినయధరుని పేరు ఫణిగిరి శాసనాలలోనే ఉన్నది గనుక ఆ నియమాలు తెలిసినవారు ఆ గుట్ట మీద ఉండేవారనడంలో సందేహం లేదు. మహావగ్గంలో భిక్షువులకు అనుమతించిన మందులను వేళ్ళు, కషాయాలు, ఆకులు, కాయలు అని వరుసగా చెప్పారు. వేళ్ళలో పసుపు, అల్లం, వస, వట్టివేరు, తుంగముస్తె, కషాయాలలో వేప, కొడిశపాల, కానుగ, ఆకులలో తులసి, కాయలలో మిరియం, పిప్పలి, కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ. ఈనాటి పచారీ కొట్లోకి వెళ్ళి అడిగినా ఇందులో సగం దొరుకుతాయి.

పట్టికకంటె దాని చివర ఉన్న షరతు నాకు ముఖ్యంగా తోస్తుంది. ఈ మందులను భిక్షువు జీవితాంతం దగ్గర ఉంచుకోవచ్చు. కాని కారణం ఉంటేనే పుచ్చుకోవాలి. కారణం లేకుండా పుచ్చుకుంటే దోషం. దాహానికి తాగే పానకాలను వేరే చోట, మామిడి, నేరేడు, ద్రాక్ష మొదలైన ఎనిమిది రకాలుగా చెప్పారు. కషాయం ఒక జాబితా, పానకం మరొక జాబితా. ఒకదానిలోది మరొకదానిలోకి రాలేదు. ఈనాటి మూలికల టీ సరిగ్గా ఈ రెండు జాబితాల నడుమ గోడను తీసివేసింది.

ఆయుర్వేదంలోనూ ఇంత కచ్చితమైన విభజనే ఉన్నది. పచ్చి రసం స్వరసం. నూరిన ముద్ద కల్కం. మరగబెట్టి దించితే క్వాథం; మనం వాడుకలో కషాయం అనేది దీనినే. రాత్రంతా చన్నీటిలో నానబెడితే హిమం. వేడినీళ్ళు పోసి కాసేపు ఉంచి వడగడితే ఫాంటం. ఈ చివరిది చదవగానే పాఠకులకు స్ఫురించే ఉంటుంది, మనం టీ సంచిని కప్పులో ముంచి తీసే పద్ధతి ఇదే. శార్ఙ్గధర సంహితలో వీటికి కొలతలు ఉన్నాయి. క్వాథానికి ఒక పాలు మూలికకు పదహారు పాళ్ళు నీళ్ళు పోసి, మట్టిపాత్రలో, సన్నని సెగ మీద, నీరు ఎనిమిదో వంతుకు దిగేదాకా కాచాలి. ఫాంటానికి ఒకటికి నాలుగు పాళ్ళు వేడినీరు. అంటే మూలికను తూచినంత శ్రద్ధగా నీటినీ కొలిచారు. సుశ్రుత సంహితలోనైతే నీటికే ఒక అధ్యాయంలో పెద్ద చోటు ఇచ్చారు. ఏ నేలలోని నీరు ఏ రుచిగా ఉంటుంది, కలకబారిన నీటిని దేనితో తేర్చాలి అన్నవి అందులో వస్తాయి. తేర్చే వస్తువులలో మొదటిది కతకం, అంటే మన చిల్లగింజ. చెరువునీళ్ళు తాగిన కాలంలో కుండ లోపలి గోడకు చిల్లగింజను అరగదీయడం ఇళ్ళలో తెలిసిన పనే.

తెలంగాణ పల్లెలో దాహానికి తాగినది జొన్న అంబలి, గంజి, మజ్జిగ, కల్లు. కషాయం జ్వరం వచ్చిననాటి సంగతి, పురిటింటి సంగతి. శొంఠి, మిరియం, పిప్పలి వేసిన నీళ్ళకు పథ్యం ఉండేది. తాగిన రోజుల లెక్క ఉండేది. కొండమూలికలు ఊళ్ళలోకి వచ్చే దారి వేరు. నల్లమల చెంచులు తవ్వితెచ్చిన సుగంధిపాల వేళ్ళు, తేనె చేతులు మారి సంతలకు చేరేవి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఆ కొనుగోలును కొంతవరకు తన చేతిలోకి తీసుకున్నది. సుగంధిపాల షర్బత్తుగా పట్నాలకు ఎక్కింది. చెంచుల చేతికి చివరికి దక్కినదెంత అన్నది ఇంకొక పెద్ద వ్యాసానికి సరిపడే ప్రశ్న.

అసలు తేయాకు మాత్రం బొత్తిగా కొత్త చుట్టం. అస్సాం తేయాకు లండనులో మొదటిసారి వేలానికి వచ్చినది 1839లో. ఈ దేశపు జనానికి దాన్ని అలవాటు చేయాలన్న ఆలోచన చాలా తరువాతిది. 1903లో టీ సెస్ చట్టం చేసి, ఎగుమతి అయ్యే తేయాకు మీద పన్ను వేసి, ఆ డబ్బుతో ప్రచారం మొదలుపెట్టారు. 1930ల మాంద్యంలో విదేశాలలో సరుకు పోక మిగిలిపోయాక ఆ ప్రచారం రైలు స్టేషన్లలోకి, బజారులలోకి దిగింది. హైదరాబాదు సంస్థానంలో ఇరానీ హోటళ్ళు దాన్ని తమ దారిన రుచికరం చేశాయి. బస్సులు ఆగే ఊరు గనుక సూర్యాపేటలో చాయ్ పాతుకుపోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. పాలూ చక్కెరా పడ్డాక అది మందు కాదు, ఆహారమూ కాదు; అలవాటు. ఆ అలవాటు ఎంత గట్టిదంటే, ఇప్పుడు కషాయం మళ్ళీ ఇంట్లోకి రావాలంటే 'టీ' అన్న పేరు తగిలించుకొని రావలసి వచ్చింది.

ఆ పేరుతో వచ్చినవాటిలో మనది అని చెప్పుకోదగినది తంగేడు. బీడు భూమిలో, గట్ల మీద, రాళ్ళ నడుమ ఎవరూ నీరు పోయకుండా పెరిగే పొద ఇది. బతుకమ్మలో గునుగుతో పాటు పేర్చే పసుపు పువ్వు ఇదే. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పం అయింది. పండుగ వైభవంలో మనం మరచిన సంగతి ఒకటున్నది. తంగేడుకు శతాబ్దాల పాటు ఉన్న ప్రధానమైన ఉపయోగం తోలు పని. ఊరి చివర మాదిగల లందలలో పచ్చి చర్మాన్ని ఊనబెట్టడానికి తంగేడు చెక్కను వాడేవారు. తమిళంలో దీనిని ఆవారం అంటారు. మద్రాసు తోళ్ళ పరిశ్రమ చాలాకాలం ఆవారం చెక్క మీదే నడిచింది. దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ చెక్క వచ్చాక దీని గిరాకీ తగ్గింది. చర్మాన్ని తోలుగా మార్చేది చెక్కలోని టానిన్, అంటే వగరు. సంస్కృతంలో 'కషాయం' అంటే వగరు రుచి అని కూడా అర్థం. ఊరు ముట్టుకోనన్న లందలోని తంగేడు నీరూ, ఊరంతా గౌరవించే వైద్యుని గిన్నెలోని నీరూ ఒకే మాట కిందికి వస్తాయి. తంగేడు గుణాలను చేతులారా ఎరిగినవారు తోలు పనివారు. పొట్లాల మీద ఋషుల బొమ్మలు ఉంటాయి గాని వీరి ప్రస్తావన ఉండదు.

తంగేడును తేనీరుగా తాగడం మన కనిపెట్టుడు కూడా కాదు. శ్రీలంకలో దీన్ని రణవర అంటారు. దక్షిణ తీరపు మాతర పట్టణం పేర దీని ఆకుల కషాయానికి 'మాతర టీ' అన్న పేరు వృక్షశాస్త్ర గ్రంథాలకు ఎక్కింది. చక్కెర వ్యాధికి దీని పువ్వు పనిచేస్తుందన్న మాట సిద్ధవైద్యంలో పాతది. 2002లో అణ్ణామలై విశ్వవిద్యాలయం పరిశోధకులు తంగేడుపువ్వు సారాన్ని మధుమేహం కలిగించిన ఎలుకలకు ఇచ్చి, రక్తంలో చక్కెర తగ్గిందని ప్రకటించారు. పొట్లాల మీది 'శాస్త్రీయంగా నిరూపితం' అన్న ముద్రకు ఆధారం ఇటువంటి ప్రయోగాలే. అవి ఎలుకల మీద చేసినవనీ, ఇచ్చినది గాఢమైన సారమనీ, నాలుగు రేకులు వేసిన వేడినీరు కాదనీ పొట్లం చెప్పదు.

అంతకు 21 ఏళ్ళ ముందే, 1981లో, శ్రీలంక శాస్త్రజ్ఞులు తమ దేశపు మూలికలను వరుసగా పరీక్షించి మరొక విషయం ప్రకటించారు. మూడు మూలికలలో కాలేయాన్ని దెబ్బతీసే పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు ఉన్నాయనీ, వాటిని తిన్న ఎలుకల కాలేయాలు చెడ్డాయనీ తేల్చారు. ఆ మూడింటిలో తంగేడు ఒకటి. కొడిశపాల ఇంకొకటి, మహావగ్గం కారణం ఉంటేనే పుచ్చుకొమ్మన్న కషాయాలలోనిది. ఎలుకల మీద వచ్చిన మంచి ఫలితాన్ని నమ్మేవారు ఎలుకల మీదే వచ్చిన చెడ్డ ఫలితాన్ని పక్కన పెట్టడానికి వీలులేదు. పదిరోజులు తాగితే ప్రాణం పోతుందని దీని అర్థం కాదు. ఏళ్ళ తరబడి పొద్దునా సాయంత్రం తాగడానికి మన పూర్వుల అనుభవాన్ని సాక్ష్యంగా తేకూడదని మాత్రం అర్థం. వారు అలా తాగలేదు.

మొన్నటి అంటువ్యాధి కాలంలో ఈ తేడా బాగా బయటపడింది. 2020 ఏప్రిల్‌లో కరోనా కేసులు ఎక్కువగా కనిపించిన తెలంగాణ పట్టణాలలో సూర్యాపేట ఒకటి. అదే నెలలో ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒక కషాయం ప్రకటించింది. తులసి నాలుగు పాళ్ళు, దాల్చినచెక్క రెండు, శొంఠి రెండు, మిరియం ఒకటి కలిపి, 3 గ్రాముల పొడిని 150 మిల్లీలీటర్ల మరిగిన నీటిలో వేసుకొని తాగమన్నది. శార్ఙ్గధరుని లెక్కలో అది క్వాథం కాదు, పలుచని ఫాంటం. కాని భయంలో జనం కొలతను పాటిస్తారా? ఎవరికి తోచినది వారు వేశారు, ఎంత మరిగితే అంత మంచిదనుకున్నారు. తిప్పతీగను గోడల మీద నుంచి లాగి మరిగించారు. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం వాచిన సంగతి ప్రచురించారు. 2022లో 13 వైద్యకేంద్రాల నుంచి 43 మంది వివరాలు కలిపి మరొక వ్యాసం వచ్చింది. మంత్రిత్వ శాఖ దీనిని అంగీకరించలేదు. పోలికలున్న వేరొక తీగను తిప్పతీగ అని పొరబడి ఉండవచ్చునన్నది. ఆ వాదం నిజమే అయినా తాగేవానికి దానివల్ల ఊరట లేదు. తీగను గుర్తుపట్టే మనిషి ఊరిలో లేకపోవడమే అక్కడ అసలు సమస్య.

ఇక నీరు.

మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో గుర్తించారు. నల్లగొండ జిల్లాలో ఆ వ్యాధి ఉన్న తీరును వివరిస్తూ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. పళ్ళ మీద గార, కదలని వెన్ను, వంగిన కాళ్ళు. మునుగోడు, మర్రిగూడ వైపు ఊళ్ళలో ఇవి తరతరాలుగా చూసినవే. కారణం ఈ నేల రాతిలోనే ఉన్నది. ఇక్కడి గ్రానైటులోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భజలంలోకి కరుగుతుంది. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని హద్దు. ఉమ్మడి జిల్లా పడమటి భాగంలో తీవ్రత ఎక్కువ; మిగతాచోట్ల ఒక ఊరి బోరుకూ పక్క ఊరి బోరుకూ పోలిక ఉండదు. 1970లలో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ పటిక, సున్నం వేసి నీటిలోని ఫ్లోరైడును తేర్చే పద్ధతిని రూపొందించి దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టింది. ప్రపంచమంతా ఆ పేరుతోనే దాన్ని చదువుకుంటున్నది. ఒక జిల్లాకు ఇటువంటి కీర్తి రావడం ఎవరూ కోరుకొనేది కాదు.

చిల్లగింజ బురదను తేరుస్తుంది. మరిగిస్తే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ మరిగినా పోదు. ఆవిరైపోయేది నీరే గనుక అది గిన్నెలోనే నిలుస్తుంది. శార్ఙ్గధరుని కొలతతో నాలుగు గ్లాసుల నీటిని అర గ్లాసుకు దింపితే, నాలుగు గ్లాసుల ఫ్లోరైడూ దాదాపు ఆ అర గ్లాసులోనే ఉంటుంది. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న బోరు నీటితో ఈ పని చేస్తే చివరికి తేలే చిక్కదనం హద్దుకు పదహారు రెట్లు. జ్వరానికి మూడురోజులు తాగినవాడికి దీనివల్ల వచ్చేదేమీ లేదు. చక్కెర వ్యాధికి మూడేళ్ళు తాగేవాడి సంగతి వేరు.

మూలికల టీ వద్దని మామూలు చాయ్‌కి మళ్ళినా ఈ లెక్క తప్పదు. తేయాకు చెట్టుకు నేలలోని ఫ్లోరైడును పీల్చి ఆకులలో కూడబెట్టే స్వభావం ఉన్నది. ముదురు ఆకులో మరీ ఎక్కువ. టిబెట్టు పీఠభూమి మీద ముదురాకులను ఇటుకలుగా అచ్చుపోసిన టీని రోజంతా మరిగించి తాగే జనంలో ఫ్లోరోసిస్ కనిపించడంతో వైద్యులు దానిని ఇటుక టీ ఫ్లోరోసిస్ అన్నారు. అక్కడ నీరు మంచిదే, చెడ్డది ఆకు. మన దగ్గర చెడ్డ నీటిలో ఆ ఆకే వేసి, రాజు లేచినట్టు పొద్దున్నే మొదలుపెట్టి నాలుగైదు సార్లు తాగుతాము. ఈ ఒక్క విషయంలో తులసికీ నిమ్మగడ్డికీ తేయాకు మీద నిజమైన పైచేయి ఉన్నది; నీరు మంచిదైతే.

నీరు మారుతూ వచ్చిన మాట నిజం. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాది వేసిన నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీరు వదిలారు. విజయపురి లోయ మునిగిపోయింది. ఆ నీరే ఎడమ కాలువలో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడల మీదుగా పారింది. జొన్న చేలు వరిమడులయ్యాయి, అంబలి అన్నమయింది, తంగేడు బీళ్ళు చాలావరకు దున్నకాలలోకి పోయాయి. 2016 నుంచి మిషన్ భగీరథ కింద శుద్ధి చేసిన నదీజలం నల్లాలకు వస్తున్నది. అయినా వంటకు బోరు నీరు వాడే ఇళ్ళు ఉన్నాయి. కషాయం వంట కిందికే వస్తుంది గాని తాగేనీటి కిందికి రాదని ఇళ్ళలో లెక్క.

ఈ గడ్డ మీది పానీయాలలో ఫ్లోరైడ్ విషయమై మనుషుల మీద పరీక్షకు నిలిచినది ఒకటున్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో ఆరోగ్యవంతులైన బాలురకు రోజుకు 10 గ్రాముల చింతపండు 18 రోజులు ఇచ్చారు. మూత్రం ద్వారా బయటికి పోయే ఫ్లోరైడ్ ఎక్కువైనట్టు కనిపించింది. చిన్న అధ్యయనమే, దానితో వ్యాధి నయమవుతుందని వారు చెప్పలేదు. 10 గ్రాములంటే రమారమి ఒక మనిషికి పచ్చిపులుసులో పడే చింతపండు. నిప్పు మీద పెట్టకుండా, చన్నీళ్ళలో పిసికి, ఉల్లిపాయ తరిగి వేసి చేసే ఆ పులుసు శార్ఙ్గధరుని విభజనలో హిమానికి దగ్గరి చుట్టం. దానిని ఇంకా ఎవరూ పొట్లం కట్టలేదు.